పెసిరెంటు మింగిన ఈగ

గడియారాలు బాగుచేసేవాడి దగ్గర ఈ రోజుల్లో దండిగా ఉండేది టైమొక్కటే. తెనాలిలో నా కొట్టుకు రోజుకు ఇద్దరొస్తే గొప్ప. అందులో ఒకరు పక్క కొట్టు అడ్రసు అడగడానికి వస్తారు. ‘మా ఆయన కొట్లో కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు’ అని మా ఆవిడ రాజ్యం బంధువుల ముందు అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మండీ మండీ కిందటేడు ఒకరోజు తోలుకోవడం మానేసి ఈగలు కట్టడం మొదలుపెట్టాను.

ఇదేమిటో ముందే చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగిందంతా నా మతి చలించి జరిగిందనుకుంటారు. చేపలు పట్టే గాలానికి వానపామునో పిండిముద్దనో గుచ్చకుండా, ఊలూ దారం కోడి ఈకా చుట్టి ఒక దొంగ ఈగను తయారు చేస్తారు. నీళ్ళ మీద ఆడిస్తే చేప దాన్ని నిజం పురుగనుకుని నోరు తెరుస్తుంది. విదేశాల్లో కలిగినవాళ్ళకు ఇదో పిచ్చి. నేను ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పట్టకార్లు, కంటికి తగిలించుకునే భూతద్దం, చిన్న వస్తువును బిగించి పట్టుకునే సాధనం, అన్నీ నా వృత్తివే. సామాను మాత్రం వాళ్ళు చెప్పినట్టు కొనాలంటే కొట్టు అమ్ముకోవాలి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. నా ఈగలో ఉండే ప్రతి వస్తువూ మామూలు ఫ్యాన్సీ షాపులో, చిల్లర డబ్బులకు దొరకాలి.

అన్నీ దొరికాయి, ఒక్క ఈక తప్ప. నాటు కోడిపుంజు మెడ దగ్గర సన్నగా, పొడుగ్గా ఉండే ఈక కావాలి. దాన్ని గాలం చుట్టూ తిప్పితే పోగులు పురుగు కాళ్ళలా నిక్కి నిలబడతాయి. మా బజారులో దొరికేది బ్రాయిలరు ఈక. అది చుడితే ఈగకు జలుబు చేసినట్టుంటుంది.

ఇంకో చిక్కు మా ఇంట్లోనే ఉంది. కొట్లో కడితే ఈక పోగులు గడియారాల్లో దూరుతున్నాయని ఇంట్లో అన్నం బల్ల మీద కట్టేవాణ్ణి. ముద్దపప్పులో ఊలు పోగు తేలిన రోజున రాజ్యం తేల్చి చెప్పేసింది. “ఆ వస్తువును చూసి ఒక్క ప్రాణి, ఒకే ఒక్క ప్రాణి, నిజమనుకుని నోరు తెరవాలి. తెరిస్తే బల్ల మీద ఉంచుకోండి. లేకపోతే పెట్టెతో సహా అటకెక్కించండి.”

అటక అంటే మా ఇంట్లో ఏమిటో నాకు తెలుసు. నా హార్మోనియం అక్కడే ఉంది. అంచేత రాజ్యం పిన్నికొడుకు సత్తిబాబుకు ఫోన్ చేశాను. అతను వరసకు నాకు బావమరిది. అనకాపల్లి దగ్గర బుచ్చయ్యపేట మండలంలో ఒక పల్లెలో చెరుకూ వరీ పండిస్తాడు. నాటు కోడి మెడ ఈకలు కావాలనీ, ఒక యాభై ఉంటే చాలనీ, అక్కడే ఏదైనా వాగులో చేప కూడా పట్టుకుంటాననీ చెప్పాను. ఫోన్ గరగరలాడుతోంది. “యాభయ్యేటి బావా, వంద తెత్తాను” అన్నాడు. ఎంత మంచివాడో అనుకుని బయల్దేరాను.

ఎలమంచిలి

నేను దిగాల్సింది అనకాపల్లిలో. టైము చూసుకుని ఎలమంచిలిలో దిగిపోయాను. నా చేతి గడియారం అరగంట ముందు నడుస్తోందని రైలు వెళ్ళిపోయాక తెలిసింది. ఈ సంగతి నా కొట్టు చుట్టుపక్కల ఎవరికీ చెప్పలేదు.

బస్సెక్కాను. నిలబడే చోటు కూడా లేదు. ఎవరి మోచెయ్యో తగిలి నా సంచిలో గాలాల డబ్బీ మూత ఊడింది. మునగకాడల మోపుతో నా ముందు నిలబడ్డ పెద్దాయన కశింకోటలో దిగబోయి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆయన భుజం మీది కొత్త తువ్వాలుకు నా గాలం పట్టుకుంది. రెండో గాలం నా చొక్కాకు పట్టుకుంది. రెంటికీ మధ్య దారం. కోసేస్తానంటే తువ్వాలు జోలికి రావద్దన్నాడు. కండక్టరు ఇద్దరూ కలిసి దిగండి, లేకపోతే ఇద్దరూ కలిసి రండి అన్నాడు. ఆయన అనకాపల్లి దాకా వచ్చాడు. దారిలో ఇదంతా దేనికని అడిగితే చేపలు పట్టడానికన్నాను.

ఆయన, “మరి నన్నెందుకు పట్టేవు బాబూ?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

అనకాపల్లిలో టీ బడ్డీ దగ్గర కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, తువ్వాలు ఒక్క పోగు తెగకుండా గాలం తీశాను. గాలం కొనకు వెనక్కి తిరిగిన ముల్లొకటి ఉంటుంది. పట్టు వదలనిది అదే. ఆయన టీ తాగి తిరుగు బస్సు ఎక్కాక, అక్కడే కూర్చుని డబ్బీలో ఉన్న అన్ని గాలాల ముళ్ళూ పట్టకారుతో నొక్కి చదును చేసేశాను. ఇక ఏది పట్టుకున్నా సులువుగా ఊడి వస్తుంది. ఆ పని చేసినందుకు తర్వాత చాలా సంతోషించాను.

ఫ్యాన్సీ షాపు

సత్తిబాబు రావడానికి గంట టైముందని సామాను కోసం ఒక ఫ్యాన్సీ షాపులోకి వెళ్ళాను. గాజులు, సవరాలు, పూసల దండలు, బొట్టుబిళ్ళల అట్టలు పైకప్పు దాకా వేలాడుతున్నాయి. నడివయసు ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. ఎర్ర ఊలు, బంగారు జరీ దారం, కళ్ళకు పెట్టే చిన్న నల్ల పూసలు అడిగాను.

పెళ్ళికూతురికా, అమ్మవారికా అని అడిగింది. రెండూ కాదు, చేపకన్నాను. మా ఊళ్ళో అయితే ఈపాటికి పక్క షాపువాళ్ళను కూడా పిలిచేవారు. ఆవిడ కనురెప్ప కదపలేదు. ఏ చేప అంది. కొర్రమీను అన్నాను.

“నలుపు” అంది ఆవిడ, పెళ్ళిచూపులకు వెళ్ళి వచ్చినట్టు. “నలుపు వొంటికి ఎరుపు మీద బంగారం కడితే బాగుంటాది. ఈ గులాబీ ఊలు అట్టుకెళ్ళకండి, నప్పదు.”

వీడియోల్లో పెద్దపెద్ద నిపుణులు అరగంట చెప్పేది కూడా ఇదే. చివరికి ఈగ తల దగ్గర దారం ముడి ఊడకుండా పూయడానికి రంగులేని గోళ్ళరంగు అడిగాను. ఇక్కడ ఆవిడ మొదటిసారి నన్ను అనుమానంగా చూసింది. రంగులేని రంగుకు డబ్బులెవరిస్తారండి, మా దగ్గర దొరకదంది. ఎర్రది తీసి చేతిలో పెట్టింది. ఇరవై రూపాయలు. మొత్తం సామాను ఎనభై అయిదు. పొట్లం కడుతూ, ఇంతా చేసి ఆ చేపను ఏం చేస్తారని అడిగింది. వండుకుంటామన్నాను. ఆవిడకు అది నచ్చలేదు.

బెల్లం మార్కెట్టు

సత్తిబాబు నన్ను బెల్లం మార్కెట్టు దగ్గరికి రమ్మన్నాడు. వెళ్ళనివాళ్ళకు చెబుతున్నాను, ముందు ముక్కు చేరుతుంది, తర్వాత మనం చేరుతాం. షెడ్డుల కింద బెల్లం దిమ్మలు గోడల్లా పేర్చి ఉన్నాయి. మా వైపు బంగారం కొనేవాళ్ళు కూడా అంత జాగ్రత్తగా చూడరు. గిల్లి, నలిపి, వెలుగులో పెట్టి చూసి, నాలిక మీద వేసుకుని, అప్పుడు ధర మాట్లాడతారు. ఊరికే చూస్తున్న నాకు కూడా తలా ఒక ముక్క చేతిలో పెట్టారు. వద్దనడం కుదరలేదు. నాలుగో ముక్కకు పళ్ళు జివ్వుమన్నాయి. ఆ దిమ్మల మీద, మనుషుల మీద, తక్కెడ మీద, అంతటా ఈగలే. ఎవరూ తోలడం లేదు.

సత్తిబాబు రెండు చేతులతో ఒక పెద్ద గాజు సీసా పట్టుకుని వచ్చాడు. అందులో నల్లగా ఏదో ముసురుతోంది.

“పట్టుకో బావా. బెల్లం తిన్న ఈగలు” అన్నాడు. “వంద అన్నాను గానీ నెక్కెట్టడం కుదరనేదు, కదిలిపోతన్నాయి. సావకుండా మూతకి బెజ్జాలెట్టేను.”

ఫోన్లో నేను ఈకలన్నది అతనికి ఈగలని వినపడింది. తెనాలి నుంచి ఒక మనిషి అనకాపల్లి ఈగల కోసం వస్తున్నాడంటే అతనికి ఆశ్చర్యం కూడా కలగలేదట. ఇక్కడి బెల్లానికి అంత పేరుంది, ఈగకు కూడా ఉండే ఉంటుందనుకున్నాడు. ఇద్దరు హమాలీలు పొద్దుటి నుంచి సాయం చేశారు. నేను సిగ్గుపడుతూ, ఈగలు కాదయ్యా, ఈకలు, కోడి ఈకలు, పుంజు మెడవి అని అక్షరం అక్షరం విడదీసి చెప్పాను.

అతని మొహమంతా నవ్వు పరుచుకుంది. “ఎంత మొగమాటం బావా నీకు. అంత తిప్పి అడగాలేటి?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు, కానీ బంధువు నవ్వుతున్నాడు కదా అని నేనూ నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది. సీసా మూత తీసి ఈగలను వదిలేశాం. అవి ఎక్కడికీ పోలేదు, సీసా మీదే కూర్చున్నాయి.

సత్తిబాబు ఊరు

మోటారుసైకిలు మీద వెనక ఖాళీ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారికి రెండు పక్కలా చెరుకు. సత్తిబాబు మూడు చోట్ల బండి ఆపి మూడు ఫోన్లు చేశాడు. మూడింట్లోనూ ఒకటే మాట. “అల్లుడొచ్చేడు. ఆయితారం పెసిరెంటుని కోసెత్తన్నాం. అందరూ రండి.”

మా వైపు ప్రెసిడెంటు నచ్చకపోతే ఓటు వేయడం మానేస్తాం. ఇక్కడ పద్ధతి వేరేలా ఉంది. పైగా నా పేరు మీద. టీ తాగడానికి ఆగినప్పుడు ఆయన చేసిన తప్పేమిటని అడిగాను. తప్పేమీ లేదు, బాగా బలిశాడు, వయసు కూడా అయిపోతోందన్నాడు. మరి ఇంట్లోవాళ్ళు బాధపడరా అంటే, మా అమ్మ ఏడుస్తుంది, అయినా అల్లుడు అడిగాక ఏం చేస్తామన్నాడు. నేను టీ అక్కడే పెట్టేశాను.

ఇంటికి వెళ్ళేసరికి పెసిరెంటు ప్రహరీ గోడ మీద నిలబడి ఉన్నాడు. కోడిపుంజు. ఒళ్ళు ఎర్రటి గోధుమ, తోక నల్లటి పచ్చ, మెడ చుట్టూ పాత బంగారం రంగులో వేళ్ళంత పొడుగు ఈకలు. పొద్దు వాలి ఎండ వాటి మీద పడుతోంది. ముప్పై ఏళ్ళుగా సన్నని వస్తువులు చూసిన కళ్ళు నావి. అంత నాణ్యమైన ఈకను వీడియోల్లో కూడా చూడలేదు. ప్రాణం పోయినట్టయింది, వచ్చినట్టూ అయింది.

సూరమ్మత్తయ్య కాళ్ళకు నీళ్ళిచ్చింది. సత్తిబాబు తల్లి, మా అత్తగారి చెల్లెలు. యాభై ఏళ్ళ కిందట ఈ వైపు కాపురానికి వచ్చింది, మాట పూర్తిగా ఇక్కడిదే అయిపోయింది. పొదుగుతున్న పెట్ట చనిపోతే మిగిలిన ఒకే ఒక గుడ్డును ఊక బుట్టలో పెట్టి, బల్బు వేసి, రోజూ తిప్పుతూ తనే పొదిగించిందట. దానికి పెసిరెంటని పేరు పెట్టింది కూడా తనే. పొద్దున్నే వీధి వీధీ తిరిగి అన్నీ చూసి, ఏ పనీ చెయ్యకుండా ఇంటికొచ్చేస్తాడట.

అప్పుడు నాకు అంతా తెలిసింది. అల్లుడు పుంజు మెడ ఈకలడిగాడంటే పుంజు కూర అడిగాడని వీళ్ళ లెక్క. మర్యాదస్తుడు కాబట్టి మాంసం పేరెత్తకుండా ఈకల పేరెత్తాడు. వద్దు సత్తిబాబూ, నాకు నిజంగా ఈకలే కావాలన్నాను. నవ్వాడు. రెండోసారి గట్టిగా చెప్పాను. మసాలాకు కబురు పంపాడు. మూడోసారి చేతులు పట్టుకుని బతిమాలాను. పక్క ఊళ్ళో పెదనాన్నకు కూడా ఫోన్ చేశాడు.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర అత్తయ్య నన్ను ఆపింది. “బాబూ, నిజం సెప్పండి. మీకు కావలసింది ఈకలేనా?”

“ఈకలే అత్తయ్యా.”

ఆవిడ గూటి వెనక్కి వెళ్ళి, రాలిపోయిన మెడ ఈకలు ఆరింటిని పాత కాగితంలో చుట్టి తెచ్చింది. “ఇయ్యి సాలవా?”

చాలన్నాను. ఆరు ఈకలకు ఆరు ఈగలు. ఆవిడ మొహం కొంచెం తేటపడింది, మళ్ళీ వాడిపోయింది. మూడుసార్లు వద్దని తప్పు చేశారు బాబూ అంది. ఈ వైపు అల్లుడు ఒకసారి వద్దంటే మొహమాటం, రెండుసార్లు వద్దంటే ఇష్టం, మూడుసార్లు వద్దన్నాడంటే అది లేకపోతే అలిగి వెళ్ళిపోతాడని అర్థమట. మా తెనాలిలో అల్లుడు కావలసిందేదో కాగితం మీద రాసి ఇస్తాడు. ఏది మంచి పద్ధతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కొడుకుతో మీరే ఒక మాట చెప్పవచ్చు కదా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అల్లుడి నోటి ముందు అత్త ఒక కోడికి అడ్డం పడిందని నలుగురూ చెప్పుకోవడం తనవల్ల కాదంది. నాకు చాలా బాధగా అనిపించింది. నాకు ఈక దొరికింది, ఆవిడకు పెసిరెంటు దక్కేలా లేడు.

గొలుగొండ అవతల

మర్నాడు శనివారం. తెల్లవారేసరికి నాకో ఆలోచన వచ్చింది. పదిహేను మందికి సరిపోయేంత చేప నేను పట్టుకొస్తే ఆదివారం విందు చేపల కూరతో అయిపోతుంది, పెసిరెంటు బతుకుతాడు, నా బల్ల కూడా నాకు దక్కుతుంది. సత్తిబాబును బతిమాలి గొలుగొండ అవతల కొండవాలులో ఒక వాగు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. వెదురు కర్రకు దారం, దారానికి ఫ్యాన్సీ షాపు ఈగ.

వాగు పక్కన మెట్టపొలంలో ఒక కొండ రైతూ అతని భార్యా కలుపు తీస్తున్నారు. నన్ను చూసి పని ఆపి వచ్చి గట్టు మీద కూర్చున్నారు. నేను ఈగను నీళ్ళ మీద వేశాను, తీశాను, వేశాను. ఎండ నెత్తికెక్కింది. ఒక తూనీగ వచ్చి నా ఈగ మీద కూర్చుని, కాసేపు పరిశీలించి వెళ్ళిపోయింది. నోరు తెరవలేదు, అందుకని రాజ్యం ముందు అది చెల్లదు.

మధ్యాహ్నం ఆ భార్య సొరకాయ బుర్రలోంచి చోడి అంబలి వంచి ఇచ్చింది. మా వైపు రాగి అంటాం, ఇక్కడ చోడి. పులిసిన ఆ చల్లదనం గొంతులోంచి కడుపు దాకా దిగడం తెలుస్తూనే ఉంది. పచ్చిమిరపకాయ కొరుక్కుని రెండు గ్లాసులు తాగాను. రైతు నా ఈగను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. చాలా బాగుందని మెచ్చుకున్నాడు.

“సేపకి ఆకలుండాలి గదా బాబూ” అన్నాడు. “అందం సూసి తింటాదేటి?”

అని, లేచి, పొలంలో ఉన్న బుట్ట పట్టుకుని వాగులో దిగి, రెండు రాళ్ళ మధ్య ముంచి తీశాడు. అయిదు పరిగెలు, వేలెడేసి చేపలు. నా చేతిలో పోశాడు. డబ్బిస్తే తీసుకోలేదు. ఈగ కావాలా అంటే మాత్రం వెంటనే తీసుకుని భార్య కొప్పులో గుచ్చాడు. ఎరుపూ బంగారమూ నల్ల జుట్టుకు బాగా నప్పాయి. షాపు ఆవిడ చెప్పింది నిజమే.

పదిహేను మందికి అయిదు పరిగెలు. ఇంటికి వెళ్ళాక సత్తిబాబు వాటిని పెసిరెంటుకే వేశాడు. చివరి కోరిక తీర్చినట్టుగా.

ఆదివారం

తొమ్మిదింటికల్లా బంధువులు దిగారు. సత్తిబాబు పెదనాన్న పెద్దరికంగా కుర్చీలో కూర్చున్నాడు. ఆడవాళ్ళు అల్లం వెల్లుల్లి నూరుతున్నారు. ఎవరో రాయి మీద కత్తి సానబెడుతున్నారు. పెసిరెంటు గోడ మీంచి ఈ ఏర్పాట్లన్నీ పర్యవేక్షిస్తున్నాడు. అత్తయ్య పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

నాకు చెయ్యడానికి ఏమీ తోచక అరుగు మీద కూర్చుని ఒక ఈగ కట్టాను. మనసు బాగాలేనప్పుడు చేతికి పని చెప్పడం నా అలవాటు. గాలానికి ఎర్ర ఊలు చుట్టాను, దాని మీద జరీ మెలికలు తిప్పాను, వెనక బెత్తెడు జరీ తోకలా వదిలాను. పెసిరెంటు మెడ ఈక ఒకటి తీసి రెండు చుట్లు తిప్పేసరికి పోగులన్నీ నిక్కి నిలబడ్డాయి. తలకు ఎర్ర గోళ్ళరంగు అద్దాను. నా జన్మలో అంత మంచి ఈగ కట్టలేదు. రంగు ఆరడానికి అరుగు అంచున పెట్టాను.

సత్తిబాబు గుప్పెడు గింజలు జల్లి పెసిరెంటును పిలిచాడు. పెసిరెంటు గోడ దిగాడు. గింజల వైపు చూడలేదు. తిన్నగా అరుగు దగ్గరికి నడిచాడు. ఈగను ఒక కంటితో చూశాడు, తల తిప్పి రెండో కంటితో చూశాడు. నోరు తెరిచాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణం నాకు కలిగింది ఆనందం. ఏడాది నుంచి ఎదురుచూస్తున్న నోరు అది. ఆ తర్వాతే గాలం గుర్తొచ్చి కేకపెట్టాను.

అత్తయ్య ఎప్పుడు వచ్చిందో చూడలేదు. అందరికంటే ముందు పెసిరెంటును ఒడిసిపట్టి, మాకు వీపు పెట్టి చతికిలబడి, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని దాని నోట్లో రెండు వేళ్ళు పెట్టింది. కాసేపు పెనుగులాట. తర్వాత మా వైపు తిరిగింది.

“మింగీసేడు” అంది. “గాలంతో సహా మింగీసేడు.”

నూరడం ఆగింది. సానబెట్టడం ఆగింది. పెదనాన్న మాత్రం తొణకలేదు. గాలం ఎక్కడికి పోతుంది, కందనకాయలోనే ఉంటుంది, అది కోసి పారేస్తే మిగతా మాంసానికి వచ్చిన లోటేమిటన్నాడు. చాలా సబబుగా చెప్పాడు. కత్తి మళ్ళీ రాయి మీదికి వెళ్ళింది.

అత్తయ్య నా వైపు చూసింది. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిలి సందులోంచి బెత్తెడు జరీ తోక ఎండకు తళతళలాడుతోంది. ముల్లు నొక్కేసిన గాలం, సులువుగా ఊడి వచ్చేసింది. ఆవిడ చూసుకోలేదు. నేను చూశాను.

ముప్పై ఏళ్ళ వృత్తిలో ఒక్క గడియారం గురించి కూడా అబద్ధం చెప్పలేదు. నా సొంతదాని గురించి తప్ప. లేచి వెళ్ళి ఆవిడకూ జనానికీ మధ్య నిలబడ్డాను.

“గాలంతో ఇబ్బంది లేదండీ” అన్నాను. “ఇబ్బందల్లా రంగుతోనే.”

పెదనాన్న ఏ రంగన్నాడు. సీసా చూపించాను. గోళ్ళరంగు కడుపులోకి పోతే ఊరికే ఉండదనీ, రక్తంలో కలిసి అది చేరాల్సిన చోటికే చేరుతుందనీ చెప్పాను. ముందు కోడి గోళ్ళు ఎర్రబడతాయి. తర్వాత దాన్ని తిన్నవాళ్ళవి. ఎన్నాళ్ళకని ఎవరో అడిగారు. మూడు వారాలన్నాను. అంత కచ్చితంగా ఎలా చెప్పానో నాకే తెలియదు, బహుశా గడియారాలవాణ్ణి కాబట్టి.

పెదనాన్న తన చేతి గోళ్ళు చూసుకున్నాడు. “కాళ్ళయ్యి కూడానా?”

“కాళ్ళవే ముందు” అన్నాను.

కత్తి సానబెట్టేవాడు కత్తి తుడిచి లోపల పెట్టేశాడు. ఎర్ర గోళ్ళతో చెరుకు కాటా దగ్గరికి ఎలా వెళ్ళడమని ఇద్దరు మెల్లగా మాట్లాడుకున్నారు. ఆ రోజు విందు కోడిగుడ్ల పులుసు, వంకాయ కూర, పెరుగు. నూరిన మసాలా అంతా వంకాయలో వేశారు, అద్భుతంగా ఉంది. సత్తిబాబు మాత్రం నా పక్కన కూర్చుని, నీకు పుంజు కూర పెట్టలేకపోయాను బావా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మూడు వారాలు చూస్తాననీ, గోళ్ళు ఎర్రబడకపోతే రంగు దిగిపోయినట్టేననీ, అప్పుడు మళ్ళీ కబురు చేస్తాననీ మాటిచ్చాడు. నేను నోరు మూసుకున్నాను. వద్దంటే నాలుగోసారి అవుతుంది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు అత్తయ్య నా సంచి తనే సర్దింది. బెల్లం దిమ్మ ఒకటి, ఈగల సీసా నిండా కొత్త చింతకాయ పచ్చడి. చివర్లో మడతపెట్టిన కాగితం చేతిలో పెట్టింది. అందులో ఈగ ఉంది.

“ఇది నాకాడుంటే ఎప్పుడో దొరికిపోతాను” అంది. తర్వాత గొంతు తగ్గించి, “మూడు వారాలన్నారు గదా బాబూ. అప్పటికి ఎర్రబడకపోతే?” అని అడిగింది.

పెసిరెంటు గోడ మీద ఉన్నాడు. అటు చూడకుండా బండెక్కాను.

తెనాలి

రాజ్యానికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది. “నోరు తెరిచిందా?”

తెరిచిందన్నాను. కోడిని ప్రాణి కింద లెక్క వెయ్యాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, చివరికి బల్లలో సగం ఇచ్చింది. ఆ సగం మీద కూర్చున్నాను గానీ చెయ్యి సాగలేదు. పైగా తల పూతకు గోళ్ళరంగు సీసా కనపడలేదు. సంచి దులిపాను, చొక్కా జేబులు వెతికాను, బస్సులో పడిపోయి ఉంటుందనుకున్నాను. వారం గడిచింది, రెండు గడిచాయి. రెండో అబద్ధం ఒకటి తయారు చేసుకుందామని కొట్లో కూర్చుని ప్రయత్నించాను. మొదటిదంత మంచిది రాలేదు.

సరిగ్గా మూడో ఆదివారం సత్తిబాబు ఫోటో పంపాడు. వెనకే ఫోన్ చేశాడు. గొంతులో భయమూ భక్తీ రెండూ ఉన్నాయి.

“నువ్వు సెప్పిందే అయ్యింది బావా. ఎర్రబడిపోనాయి. మా పెదనాన్న తిననైనా తిననేదు, రోజూ కాళ్ళు సూసుకుంటన్నాడు. ఈడిని ఇంకెవురూ ముట్టరు, ఈడు సచ్చేదాకా మాయమ్మకే.”

ఫోటోలో పెసిరెంటు గోడ మీద నిలబడి ఉన్నాడు. రెండు కాళ్ళకూ నాలుగేసి గోళ్ళు, ఎనిమిదీ నిగనిగలాడే ఎరుపు. రాజ్యం నా భూతద్దం లాక్కుని చాలాసేపు చూసింది.

“కుడికాలు రెండో వేలికి పక్కకి కారింది” అంది. “ముసలావిడకు చూపు ఆనడం లేదు పాపం.”

మూడు వారాలుగా నేను సంచిలో వెతుకుతున్న ఇరవై రూపాయల సీసా ఎక్కడుందో అప్పుడు తెలిసింది.